మిగిలిన సగం నాలుక

స్కాన్ ఫిల్ము ఇంటికొచ్చిన పూట దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసి, "తలకాయ మొత్తం పోయిందే" అన్నాను మా ఆవిడతో.

ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "అది పెళ్ళైన ఏడే తెలిసింది. కొత్తగా ఏటి రాసినారో సెప్పండి" అంది.

నేను నవ్వించడానికి అనలేదు. ఫిల్ములో నా తల ఉండాల్సిన చోట ఇంత నల్లటి ముద్ద. గుండె దగ్గర ఒక నలుపు. పొత్తికడుపులో గుండ్రంగా ఇంకో నలుపు. వీటన్నిటి మధ్య, దవడ లోపల, నాలుక ఉండే చోట ఎడం పక్కకి చింతపిక్కంత మచ్చ. ఇరవై ఏళ్ళ పైచిలుకు నేను చేసిన పని ప్రకారం ఫిల్ములో నలుపంటే లోపల బోలు. ఇనుము ఉండాల్సిన చోట ఇనుము లేదన్నమాట. ఆ లెక్కన నేను మనిషిని కాదు, జల్లెడని.

ఆ పనేదో చెప్పాలి. ఏడో క్లాసు సగంలో బడికి సెలవు చెప్పేసి, కొన్నాళ్ళు ఈ హిందీ ఊళ్ళో మా బస్తీ భుయ్యాడీహ్ వీధులు కొలిచి, చివరికి ఒక కాంట్రాక్టరు కింద హెల్పరుగా చేరాను. పైపుల అతుకులకి ఎక్స్‌రే తీసే గుంపు మాది. వెల్డరు అతుకు వేసి పోతాడు. పైకి నున్నగా, ముచ్చటగా ఉంటుంది. లోపల గాలిబుడగ ఉందో చీలిక ఉందో ఎవడికి తెలుసు? మేము అతుక్కి వెనక ఫిల్ము కట్టి, ముందు నుంచి కిరణం కొట్టి, ఫిల్ము కడిగి ఆరబెట్టి, వెలుగు పెట్టె మీద పెట్టేవాళ్ళం. ఇన్‌స్పెక్టర్ సాహెబ్ భూతద్దంతో చూసి రాసేవాడు. పాస్, లేదా రిపేర్. నేను పక్కన నిలబడి ఫిల్ములు మార్చేవాణ్ణి. అన్నేసి చూస్తుంటే ఎవడికైనా వస్తుంది, నాకూ వచ్చింది. సాహెబ్ కలం ఎత్తేలోపు "రిపేర్, సర్" అనేవాణ్ణి. "నిన్నెవరడిగారు" అని కసిరి, ఆయన రిపేర్ అనే రాసేవాడు.

నా నోరు అలాంటిది. మాట లేనప్పుడు అందులో ఖైనీ పొగాకు ఉండేది. దాని ఫలితం కిందటేడు చేతికొచ్చింది. నాలుక ఎడమ అంచున మానని పుండు, ముక్క కోసి పరీక్ష, తర్వాత ఆపరేషన్. ఎడమ సగం తీసేసి, మణికట్టు దగ్గర చర్మం తెచ్చి అక్కడ అతికారు. ఆ పైన ఆరు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టారు. మాట పోతుందేమో అనుకున్నారు, పోలేదు. కాస్త జారుతుంది, అంతే. ఫోన్లో కొత్తవాళ్ళు తాగి మాట్లాడుతున్నాననుకుంటారు. తాగినప్పుడు ఇంకా బాగా మాట్లాడేవాణ్ణని మా ఆవిడ వాళ్ళకి చెబుతుంది.

ఆపరేషన్ చేసిన డాక్టరు ఒక మాట ముందే చెప్పి పెట్టాడు. "మళ్ళీ వస్తే మిగిలిన సగం కూడా తియ్యాలి. తిండి గొట్టంలోంచి. మాటలు పలక మీద." పలకతో నాకు చిన్నప్పటి నుంచీ పొసగదు. కిటికీ దగ్గర ఆ ఫిల్ము పట్టుకుని నేను వెతికింది ఒక్కటే. ఈ సగం నాకు ఉంటుందా, పోతుందా.

ఫిల్ముతో పాటు ఇంగ్లీషులో రెండు పేజీల రిపోర్టు. చదవడానికి మా అమ్మాయి ఉంది. మేం తెలుగులో అడిగితే అది హిందీలో జవాబిస్తుంది, సగం దారిలో కలుసుకుంటాం. రిపోర్టు రెండుసార్లు చదివింది.

"ఏటి రాసినారే?" అంది వాళ్ళమ్మ.

"మమ్మీ, పాస్ భీ నహీ, ఫెయిల్ భీ నహీ." పాసూ కాదు, ఫెయిలూ కాదట. తర్వాత మా కోసం విడమరిచింది. మచ్చ ఉన్నచోట మందు కాస్త ఎక్కువ పట్టిందట. కరెంటు వల్ల వచ్చిన వాపు కావచ్చట. జబ్బు మిగిలి ఉండొచ్చు, కాదని చెప్పలేమట. డాక్టరు చేత్తో చూసినదానితో కలిపి చూసుకోవాలట.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది రాసినోడెవడు? బాయిలర్ పైపు ఫిల్ము వాడి చేతిలో పెడితే, పేలొచ్చు, పేలకపోవచ్చు, దగ్గరికెళ్ళి చూసుకోండి అని రాస్తాడా?"

"సంతకం ఎవరో మేడమ్‌ది, పాపా."

"ఆడమనిషి అయ్యుండి 'కావచ్చు' అంటదేటి? మీ అమ్మ నోట ఎప్పుడైనా ఆ మాట విన్నావా?"

అమ్మాయి నా వాగుడు పట్టించుకోకుండా ఫోన్లో వెతికి, తల ఎందుకు నల్లగా ఉందో కనిపెట్టింది. సూదిలో ఎక్కించేది చక్కెర లాంటి మందు. మెదడూ గుండే ఎప్పుడూ చక్కెర తింటాయి, అందుకని అందరికీ నల్లగానే పడతాయి. మందు ఒంటికి వెళ్ళినప్పుడు బయటికి పోతుంది కాబట్టి పొత్తికడుపు నలుపు.

"అయితే మెదడు ఉన్నట్టే లెక్క," అంది మా ఆవిడ. "ఆ ఫిల్ము జాగ్రత్తగా దాచు. పదిమందికీ సూపించాలి."

అంతవరకే ఆవిడ నవ్వింది. ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. తల సంగతి తేలిపోయింది, పొత్తికడుపు సంగతి తేలిపోయింది, చింతపిక్క మాత్రం అలాగే ఉంది. ఎడం పక్క. కోసిన పక్క. అతుకు వేసినచోటే మళ్ళీ చీలిక వచ్చిందని నేను తీర్మానించేశాను. రిపేర్ చేసిన అతుకులు మళ్ళీ అక్కడే చెడటం నేను చూడనిది కాదు.

నాలుగో రోజు డాక్టరు నోట్లో వేలు పెట్టి నాలుకంతా నొక్కాడు, దవడ కింద తడిమాడు, అద్దం పెట్టి చూశాడు. ఆయన మాట్లాడేది హిందీ, నేను తెలుగులో రాస్తున్నాను.

"చేతికేమీ తగల్లేదు."

"మరి ఎడం పక్క మచ్చ?"

"ఎడం కాదు, కుడి. రిపోర్టులో 'ఆర్.టి.' అని పొట్టిగా రాసింది అదే."

"నేను కళ్ళారా చూశాను సర్. ఎడమే."

ఆయన కుర్చీ నాకు ఎదురుగా జరుపుకున్నాడు. "మీరు నాకు ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది బొమ్మ. మీ కుడిచెయ్యి ఎత్తండి. అది నాకు ఏ పక్కన ఉంది?"

చెయ్యెత్తి అలాగే ఉండిపోయాను. మా పనిలో పైపు మీద సీసం అంకెలు అంటించి ఫిల్ము తీస్తాం. అంకెలు ఎటు నుంచి తిన్నగా కనబడితే అటు నుంచి చదువుతాం, పైపుకి ఎడమైతే ఫిల్ములోనూ ఎడమే. మనుషుల్ని తిరగేసి చదువుతారని నాకెవరు చెప్పారు? మూడు రోజులు ముగ్గురం కలిసి తప్పు పక్క కోసం ఏడ్చాం.

మా ఆవిడ ముఖం ఒక్క క్షణం తేటపడింది. వెంటనే మాడిపోయింది, ఎందుకంటే కుడి అంటే మంచి సగం. నేను మాట్లాడేదీ మింగేదీ దానితోనే. కోసినచోట మళ్ళీ వస్తే ఒక రకం. కొయ్యని చోటికి వచ్చిందంటే?

డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఒకటి, కుడి పక్క నుంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపడం. కరెంటు పెట్టిన చోట గాయం తొందరగా మానదు, అసలే ఉన్నది సగం. రెండు, ఎనిమిది వారాలు ఆగి మళ్ళీ స్కాన్. అది జబ్బే అయితే ఎనిమిది వారాలు ఊరికే ఇచ్చినట్టు. "మీరేమంటారు?" అని నన్నడిగాడు.

"నన్నడుగుతారేంటి సర్? నేను ఏడో క్లాసు కూడా పూర్తి చెయ్యలేదు. అన్నీ చదివినోళ్ళు మీరు, ఒకరు కావచ్చు అంటారు, ఇంకొకరు మీరేమంటారు అంటారు. ఈ ఆసుపత్రిలో ఏదైనా గట్టిగా చెప్పేది ఆ లిఫ్టు ఒక్కటే. 'బంద్ హై' అని, పని చెయ్యనని."

ఆయనకి నవ్వొచ్చింది, నాకు రాలేదు. "కింద అంతస్తులో ఆ రిపోర్టు రాసిన మేడమ్ ఉంటారు. ఫోన్ చేస్తాను. వెళ్ళి ఆవిణ్ణే అడగండి," అన్నాడు.

మెట్లు దిగుతున్నంతసేపూ తగువు కట్టుకుంటూ దిగాను. ఏ మాట ముందు, ఏ మాట తర్వాత. మా ఆవిడ వెనకనుంచి, "ఆమె మీద అరవకండి. రాసే సెయ్యి ఆవిడదే," అంది.

ఏసీ చలికి స్వెటర్ వేసుకున్న చిన్న వయసు ఆవిడ. దీపాలు తగ్గించిన గది, రెండు పెద్ద తెరలు. నేను కవరులోంచి ఫిల్ము తీసి, మా సాహెబ్ లాగా రెండు వేళ్ళతో అంచు పట్టుకుని ఎత్తాను.

"అది పక్కన పెట్టండి అంకుల్," అంది. "అది పెళ్ళి ఆల్బమ్ లాంటిది, చుట్టాలకి చూపించుకోడానికి. నేను చూసేది ఇది."

మౌసు మీద చక్రం తిప్పింది. తెర మీద నా తల పైనుంచి కిందికి పొరలు పొరలుగా, కోసిన పావురొట్టెలా జరిగిపోయింది. నేను కట్టుకొచ్చిన తగువు మరిచిపోయాను. ఇన్నేళ్ళూ ఒక్క నీడ చూసి అతుకు మొత్తం చదివిన మాకు, ఇలా లోపలికి దిగి చూసే యోగం ఉంటే ఎంతమంది వెల్డర్ల కొంపలు ముంచేవాళ్ళమో.

ఒకచోట ఆపింది. నాలుక ఎడం పక్క బూడిదరంగు. కుడి పక్క పసుపు పచ్చగా వెలుగు.

"ఇదీ సంగతి. ఎడం పక్క అతికింది చర్మం, అది పని చెయ్యదు. పనంతా కుడి పక్కదే. పని చేసే కండ చక్కెర తింటుంది. జబ్బు కూడా చక్కెరే తింటుంది. వెలుగు చూస్తే రెండూ ఒకటే." చక్రం వదిలేసి, "సూది వేశాక గంటసేపు మాట్లాడొద్దని చెప్పారు కదా?" అని అడిగింది.

మా ఆవిడ మెల్లిగా నా వైపు తిరిగింది.

"చెప్పారు," అన్నాను.

"మాట్లాడారా?"

ఆ రోజు సూది వేసి నన్నొక వాలుకుర్చీలో పడుకోబెట్టి దుప్పటి కప్పారు. ఫోన్ వద్దు, మాట వద్దు, నమలడం వద్దు, కళ్ళు మూసుకుని ఉండమంది సిస్టర్. ఉండేవాణ్ణే. పక్క కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు, గొంతుకి గుడ్డ చుట్టుకుని. సిస్టర్ వెళ్ళిపోగానే ఆయన "ఓలమ్మో" అని మూలిగాడు. ఈ ఊరి ఆసుపత్రిలో, చుట్టూ 'అరే బాప్‌రే'ల మధ్య, ఓలమ్మో. ఎలా ఊరుకుంటాను?

"ఏ ఊరండి మీది?"

"పలాస పక్కన బాబూ. మీది?"

అయిపోయింది. ఆయనకి మొదటి స్కానట, మిషన్ పేరెత్తితేనే భయమట. "ఇరవై ఏళ్ళు ఈ రేడియేషన్ ఒంట్లోకి పోకుండా కంపెనీవాళ్ళు నా జేబుకి దాన్ని కొలిచే బ్యాడ్జి కట్టి కాపలా కాశారు తాతా. ఇప్పుడు వీళ్ళే పిలిచి సూదేసి లోపలికి పంపించారు" అని చెప్పాను. ఆయన దుప్పట్లో ముఖం దాచుకుని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నన్ను ఆపేవాళ్ళెవరు? సిస్టర్ రెండుసార్లు తొంగిచూసింది. రెండుసార్లూ కళ్ళు మూసుకున్నాను. ఒక భయస్థుడికి ధైర్యం చెప్పానని గర్వంగా నడుచుకుంటూ మిషన్‌లోకి వెళ్ళాను.

"ఎంతసేపు మాట్లాడారు?"

"పేరు పిలిచేదాకా."

మా ఆవిడ డాక్టరమ్మతో హిందీలో అంది: "పెళ్ళిపీటల మీద పంతులు మంత్రం చదువుతుంటే కూడా ఈయన అడ్డం పడ్డాడమ్మా. తప్పు మీది కాదు."

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. "అయితే తేలిపోయింది కదా. మాటల వల్ల పడిన మచ్చ. అలా రాసెయ్యండి."

"రాయను."

"ఎందుకు రాయరు?"

"మాటల వల్ల అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు. మీరు మాట్లాడారు కాబట్టి మీకు జబ్బు లేదని ఎలా రాస్తాను అంకుల్? మీరు ఊరుకుని ఉంటే ఇవాళ ఇంకాస్త గట్టిగా రాసేదాన్ని, అటో ఇటో."

గొంతు పెంచకుండా అంది. నేను కోపంలో దాచేసిన సంగతొకటి అప్పుడు గుర్తొచ్చింది. పాస్, రిపేర్ కాక మా సాహెబ్ రాసే మూడో మాట ఒకటుండేది. రీటేక్. కడిగేటప్పుడు హెల్పరు వేలిముద్ర ఫిల్ము మీద పడితే ఆ మరక కింద ఏముందో ఎవరూ చెప్పలేరు. సాహెబ్ ఫిల్ము నా ముఖాన విసిరి మళ్ళీ తియ్యమనేవాడు. ఈవిడ విసరలేదు, అంతే తేడా. నాలుగు రోజులుగా ఈవిడ కోసం పోగుచేసుకున్న కోపమంతా తిరిగి నేనే మోసుకుని మెట్లెక్కాను. ముక్క కొయ్యొద్దు, ఎనిమిది వారాలు ఆగుతామని పై అంతస్తులో చెప్పేశాం.

ఎనిమిది వారాలంటే ఏంటో నాకు అంతకుముందు తెలీదు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నోరు తెరిచి, ఫోన్ టార్చి వేసుకుని కుడి పక్క చూసుకునేవాణ్ణి. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు తెల్లగా. పైపు అతుకు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. ఈ నాలుక పూటకో రంగు. ఒక ఆదివారం అంచున చిన్న గీత కనబడింది. ఆ రోజంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో రోజుకి మాసిపోయింది, పన్ను ఒరుసుకుందన్నమాట. గీత ఉన్నప్పుడు భయం, పోయినందుకు ఒళ్ళుమంట. ఇంత చేసి ఒక పన్నా.

మా ఆవిడ కోప్పడలేదు. వీధిలో ప్రతి ఒక్కరికీ కథ చెప్పింది, అంతే. కూరగాయల బండివాడు కూడా "భయ్యా, బోల్నా మనా హై" అనేవాడు, మాట్లాడకూడదన్నా అని. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, "ఆ తాత సంగతేటి మరి?" అంది.

"ఏ తాత?"

"పలాస తాత. మీరొక్కరే మాట్లాడినారా? ఆయనా మాట్లాడినాడు కదా. ఆయనది గొంతు."

ఆయన ఫిల్ములో గొంతు ఎలా వెలిగుంటుందో, ఆయన రిపోర్టులో ఎన్ని 'కావచ్చు'లు పడ్డాయో, ఆయన ముక్క కోయించుకున్నాడో ఏమో. ఆయన పేరు నేను అడగలేదు. ఊరు అడిగాను, పంట అడిగాను, మనవల్ని అడిగాను. పేరు అడగలేదు. తర్వాత సిస్టర్ని అడిగితే, వేరే పేషెంట్ల సంగతి చెప్పకూడదంది.

రెండో స్కాన్ రోజు సూది వెయ్యకముందే సిస్టర్‌తో, "ఈసారి నా నోటికి ప్లాస్టర్ వెయ్యండి" అన్నాను. ప్లాస్టర్ లేదు గానీ మాస్కు ఇచ్చింది. పక్క కుర్చీలో ఈసారి ఒక నడివయసు ఆవిడ. సూది గుచ్చించుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా వైపే చూస్తోంది.

"భయ్యా, ఆ మిషన్‌లో నొప్పి ఉంటుందా?" అని హిందీలో అడిగింది.

లేదని చెయ్యి ఊపాను.

"మీకు ఇంతకుముందు చేశారా? లోపల ఊపిరాడుతుందా?"

మళ్ళీ చెయ్యి ఊపాను. దేనికి అవును, దేనికి కాదు అని ఆవిడకి అర్థం కాలేదు. ఇంకోటి అడిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి ఆవిడ ముక్కు ఎగబీల్చడం వినిపించింది, సన్నగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు. ఆవిణ్ణి నవ్వించే మాటలు నా దగ్గర ఒక గంటకి సరిపడా ఉన్నాయి. ఒక్కటి చెప్పినా ఎనిమిది వారాలు మళ్ళీ మొదటికి. ఉమ్మి కూడా ఆచి తూచి మింగుతూ పడుకున్నాను. కోత, కరెంటు అన్నీ పడ్డవాణ్ణే, ఈ గంట లాంటిది ఎప్పుడూ పడలేదు. నన్ను ముందు పిలిచారు. లేచి వెళుతూ ఆవిడ వైపు చూడలేకపోయాను.

ఈసారి ఫిల్ము కిటికీకి పెట్టలేదు. తిన్నగా కింది అంతస్తుకి వెళ్ళాం. లోపలికి ఒక్కరినే రమ్మన్నారు, మా ఆవిడా అమ్మాయీ బయట బల్ల మీద కూర్చున్నారు.

డాక్టరమ్మ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టింది. పాతదానిలో పసుపు ముద్ద. కొత్తదానిలో అదే చోట పలచటి ఛాయ, మసిబట్టిన చిమ్నీలోంచి దీపంలా.

"మాట్లాడలేదు కదా?"

"ఒక్క ముక్క కూడా లేదమ్మా."

"తెలుస్తోంది. చాలా తగ్గింది. జబ్బైతే వైద్యం లేకుండా ఇలా తగ్గదు. ముక్క పరీక్ష అక్కర్లేదని రాస్తాను."

"అయితే పోయినట్టేనా?"

"ఈ రోజు స్కాన్‌లో జబ్బు ఉన్నట్టు ఆధారం కనబడట్లేదు."

"పోయిందని రాయండి అమ్మా. ఒక్క మాట."

"కనబడట్లేదని రాస్తాను అంకుల్. మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం."

ఇంకోసారి అడగడానికి నోరు తెరిచాను. ఆవిడ ముఖం చూస్తే అడిగి లాభం లేదని తెలిసింది. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కోసమే కదా ఇన్నాళ్ళూ అరిచాను, ఈవిడ ఎదురుగా ఉంటే ఒక అబద్ధం చెప్పమని బతిమాలుతున్నాను. చీటీ మీద కొత్త తారీఖు వేయించుకుని బయటికొచ్చాను.

మా ఆవిడ లేచి నిలబడింది. "ఏటంది?"

"తగ్గిందంది. కొయ్యక్కర్లేదంట. నాలుక ఉంటాది."

"పోయిందందా?"

"కనబడట్లేదంది."

"కనబడకపోడం ఏటండీ? ఉందా, పోయిందా? ఇంత సదివినామె, ఒక్క మాట తిన్నగా సెప్పలేదేటి?"

"కండ ఉబ్బినా అలాగే వెలుగుతాదే. ఈ రోజుకి లేదు అనే సెప్పగలరు. మూడు నెలలకి మళ్ళీ…"

"మీరు ఆవిడ పక్కకి ఎప్పుడు సేరిపోయినారు?" అంది. అమ్మాయి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "అమ్మోరికి మొక్కుకున్నాను. తగ్గిపోతే వత్తానని. ఇప్పుడు ఆయమ్మకి ఏటని సెప్పుకోను? కనబడట్లేదని సెప్పనా?"

శ్రీకాకుళంలో ఉన్న మా వదినకి ఫోన్ కలిపింది. "అక్కా, పోయింది," అంది గట్టిగా, వరండాలో ఉన్న వాళ్ళందరూ తిరిగి చూసేలా. "ఆఁ, పూర్తిగా. మచ్చ కూడా లేదంట. మాట్లాడతాడు, ఇదిగో." ఫోన్ నా ముఖం దగ్గర పెట్టింది. అవతల మా వదిన ఏడుస్తూ, "నిజమేనా మరిదీ? పోయిందా?" అని అడుగుతోంది.

జేబులో చీటీ తగులుతోంది. మా ఆవిడ నా నోటి వంకే చూస్తోంది, అమ్మాయి నేల వంక.

"ఆఁ వదినా," అన్నాను. "పోయింది."